పెట్టె సర్దుకోకముందే మా టీచర్ల చేతికి ఒక పుస్తకం ఇవ్వండి

తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, ఆంధ్రప్రదేశ్ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ అధికారులకు,



ఎంఏ ఇంగ్లీషు, బీఎడ్ చదివి మాల్దీవుల బడుల్లో ఉద్యోగం సంపాదించుకున్న మన పిల్లలు ప్రయాణానికి ముందు నాకు ఫోన్ చేస్తుంటారు. నేను అక్కడ ఇంగ్లీషు టీచరుగా పనిచేసి వచ్చానని ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. గుంటూరు నుంచి చేసినా, కర్నూలు నుంచి చేసినా, నల్లగొండ నుంచి చేసినా అడిగేది ఒకటే: "మేడమ్, ఏమేం సర్దుకోవాలి?" నాకు తెలిసింది చెబుతాను. కానీ ఫోన్లో ఎంతని చెప్పగలను? నా నంబరు దొరకని వాళ్ల సంగతేమిటి? అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఇంగ్లీషు చెప్పడానికి విదేశాలకు వెళ్లే మన టీచర్ల కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం అచ్చువేయండి. టికెట్ కొనకముందే అది వాళ్ల చేతికి అందేలా చూడండి. అందులో ఏముండాలో మాల్దీవుల సంగతి తీసుకుని ఇక్కడ రాస్తున్నాను.

జర్మనీకి, జపాన్‌కి నర్సులను పంపేటప్పుడు మీరు భాష నేర్పించి, కాగితాలు సరిచూసి పంపుతున్నారు. అది చాలా మంచి పని. టీచర్ల దారి వేరు. వీళ్లలో చాలామంది ఏజెంటు ద్వారానో, తెలిసినవాళ్ల ద్వారానో, సొంతంగా దరఖాస్తు పెట్టుకునో వెళ్తారు. చదువుకున్నవాళ్లు కదా, వాళ్లే చూసుకుంటారులే అని అందరూ అనుకుంటారు. చదువు ఉంది కాబట్టి ఇంగ్లీషు చెప్పగలరు. ఏ కాగితానికి ఎవరి ముద్ర కావాలో, ఏ వస్తువు ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదో బీఎడ్‌లో ఎవరూ చెప్పరు.

మాల్దీవులకు మన టీచర్లు వెళ్లడం నిన్న మొన్నటి మాట కాదు. 1960ల మొదట్లో రాజధాని మాలేలో ఇంగ్లీషు మీడియం చదువు మొదలైంది. అప్పటి నుంచి బయటి దేశాల టీచర్ల అవసరం పడింది. మొదట శ్రీలంక నుంచి, తర్వాత మన దేశం నుంచి వెళ్లారు. ఇప్పటికీ ఇస్లాం, దివేహి పాఠాలు తప్ప మిగతావన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు. పెద్ద తరగతుల పిల్లలు కేంబ్రిడ్జి పరీక్షలు రాస్తారు. అంటే అక్కడ ఇంగ్లీషు టీచరు ఒక్క సబ్జెక్టుకే టీచరు కాదు. ఆమె సరిగా చెబితే లెక్కలూ సైన్సూ కూడా పిల్లలకు అర్థమవుతాయి. అంత బరువైన పని మీద వెళ్లేవాళ్లను మనం పచ్చడి జాడీలతో సాగనంపి ఊరుకోకూడదు.

పుస్తకంలో మొదటి అధ్యాయం కాగితాల మీద ఉండాలి. బట్టలు మరిచిపోతే మాలేలో కొనుక్కోవచ్చు. సర్టిఫికెట్ మరిచిపోతే ఉద్యోగమే నిలవదు. మన దగ్గర చాలామంది ప్రొవిజనల్‌తో, మార్కుల మెమోలతో సరిపెట్టుకుంటారు. యూనివర్సిటీ నుంచి ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, తెచ్చుకోరు. విదేశీ ఉద్యోగానికి డిగ్రీ, పీజీ, బీఎడ్ మూడింటికీ ఓడీ కావాలి. వాటి మీద ముందు రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో ధ్రువీకరణ ముద్ర వేయించుకోవాలి. ఓడీకి దరఖాస్తు పెట్టిన దగ్గర నుంచి చివరి ముద్ర పడేదాకా వారాలు గడుస్తాయి. వచ్చే వారం ప్రయాణమన్న మనిషి నాకు ఫోన్ చేసి "ఓడీ తప్పదా మేడమ్?" అని అడిగితే నేను చేయగలిగిందేమీ ఉండదు. ఈ మాట వాళ్లకు ఇంటర్వ్యూ కన్నా ముందే తెలియాలి.

రెండోది పేరు. ఇది మన తెలుగువాళ్లకే ఎక్కువగా వచ్చే చిక్కు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకు డిగ్రీలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. కాలేజీ గుమాస్తా ఒక అక్షరం ఎక్కువ రాస్తే అదీ అలాగే ఉండిపోతుంది. మన ఊళ్లో ఇవన్నీ ఒకే మనిషివని అందరికీ తెలుసు. అక్కడ అర్హతలు పరిశీలించే అధికారికి ఇవి ఇద్దరు మనుషుల కాగితాలు. పాస్‌పోర్టును, పదో తరగతి మెమోను, డిగ్రీని, బీఎడ్‌ను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. తేడా ఉంటే ఇక్కడే అఫిడవిట్ చేయించుకోవాలి. పెళ్లి సర్టిఫికెట్‌కూ ముద్ర వేయించుకోవాలి.

మూడోది అసలు అనుమతి. భారతీయులకు మాల్దీవుల్లో దిగగానే ఉచితంగా పర్యాటక వీసా ఇస్తారు. ఈ సౌకర్యాన్నే కొందరు ఏజెంట్లు ఎరగా వాడతారు. "ముందు వచ్చేయండి, పర్మిట్ తర్వాత చూద్దాం" అంటారు. ఆ మాట నమ్మి వెళ్లకూడదు. పర్యాటక వీసా మీద ఉద్యోగం చేయడం నేరం. ఉద్యోగానికి అనుమతి కాగితం చేతికొచ్చాకే విమానం ఎక్కాలి. ఆ కాగితంలో యజమాని పేరు, ఉద్యోగం పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మన 1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు నమోదై ఉండాలి. అతను తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది చట్టవిరుద్ధం. ఈ మూడు వాక్యాలను పుస్తకం అట్ట మీదే పెద్ద అక్షరాలతో అచ్చువేయండి. లక్షలు అప్పుచేసి కట్టే కుటుంబాలను ఆ మూడు వాక్యాలు కాపాడతాయి.

ఒప్పందం కాగితాన్ని కూడా పెట్టెలో వస్తువుగానే లెక్కపెట్టాలి. జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, ఇల్లు వాళ్లే చూపిస్తారా, కరెంటు నీళ్ల బిల్లు ఎవరిది, సెలవులకు ఇంటికి వచ్చే టికెట్ ఎవరిది, మధ్యలో మానేస్తే ఏమవుతుంది. ఇవన్నీ రాతలో ఉండాలి. సంతకం చేసిన నకలు ఒకటి టీచరు దగ్గర, ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర, ఒకటి ఫోన్లో ఉండాలి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని ఎవరి దగ్గరా తాకట్టుగా ఉంచకూడదు. పని కోసం ఇచ్చినా రసీదు తీసుకుని, పని కాగానే వెనక్కి తెచ్చుకోవాలి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఒకటి తీసి పెట్టుకోవాలి. పిల్లలతో పనిచేసేవాళ్లను అది అడుగుతారు.

ఇప్పుడు పెట్టె గురించి. మాల్దీవుల్లో 1,192 దీవులున్నాయి. మనుషులు కాపురముండేవి రెండు వందలకు కాస్త తక్కువ. దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంటుంది. పోస్టింగ్ మాలేలో వస్తుందని ఎవరూ అనుకోకూడదు. ప్రధాన విమానాశ్రయం ఉన్నది హుల్హులే దీవిలో. అక్కడి నుంచి మరో చిన్న విమానమో, స్పీడుబోటో, ఫెర్రీయో పట్టుకుని ఉద్యోగం ఉన్న దీవికి చేరాలి. చిన్న విమానంలో సామాను పరిమితి తక్కువ. బోటు జెట్టీ దగ్గర ఊగుతూ ఉంటుంది. సామాను చేతితో అందుకుని చేతితో దించాలి. దీవిలో చాలా చోట్ల దారులు పగడపు ఇసుకవి. పెద్ద సూట్‌కేసు చక్రాలు ఆ ఇసుకలో తిరగవు. కాబట్టి ఒక పెద్ద పెట్టె వద్దు. ఒక్క మనిషి ఎత్తగలిగిన బ్యాగులు రెండు, వీపుకు తగిలించుకునేది ఒకటి చాలు.

ఆ వీపు సంచిలో ఏముండాలో నేను నొక్కి చెబుతాను. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, అనుమతి కాగితం, మందులు, కళ్లజోడు, ఒక జత బట్టలు. సర్టిఫికెట్లను నీళ్లు చొరని జిప్ కవర్లో పెట్టాలి. నాతో పనిచేసిన ఒకామె ఫైలును చేతిసంచిలో పెట్టుకుని బోటెక్కింది. నైరుతి రుతుపవనాల కాలం. అలలు పైకెగిరి పడి సంచి తడిసింది. దీవికి చేరాక మేమిద్దరం బడి గదిలో బల్లల మీద మార్కుల మెమోలు పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టాం. యూనివర్సిటీ ముద్ర సిరా పక్కకు కారి, రిజిస్ట్రారు సంతకం మీదికి వచ్చింది. ఒక్కో కాగితం ఆరేటప్పుడు అంచు ముడుచుకుంటుంటే ఆమె రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది. పది రూపాయల ప్లాస్టిక్ కవరు ఆ కాగితాలను కాపాడేది. అన్ని కాగితాలనూ స్కాన్ చేసి డిజిలాకర్‌లో, ఈమెయిల్‌లో పెట్టుకోవడం కూడా తప్పనిసరి.

తీసుకెళ్లకూడనివాటి గురించి స్పష్టంగా, గౌరవంగా చెప్పాలి. మాల్దీవులు పూర్తిగా ముస్లిం దేశం. అక్కడి రాజ్యాంగం ప్రకారం పౌరులందరూ ముస్లింలే. మద్యం, పంది మాంసంతో చేసినవి, అశ్లీల సాహిత్యం, పూజకు వాడే విగ్రహాలు దేశంలోకి తేవడం నిషేధం. ఇతర మతాలవాళ్లు బహిరంగంగా పూజలు, ప్రార్థనలు చేయకూడదు. మత ప్రచారం పెద్ద నేరం. మన ఇళ్లలో బిడ్డ ఊరెళుతుంటే అమ్మ చీర మడతల మధ్య వేంకటేశ్వరుడి పటమో, సిలువో పెడుతుంది. అది ప్రేమ. కానీ కస్టమ్స్ దగ్గర ఆ పటం బయటపడితే కొత్త దేశంలో మొదటి గంటే భయంతో మొదలవుతుంది. భక్తి మనసులో ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపరు. ఈ సంగతి అమ్మానాన్నలకు కూడా అర్థమయ్యేలా తెలుగులో రాయాలి. అందుకే పుస్తకం తెలుగులో ఉండాలని అడుగుతున్నాను. పెట్టె సర్దేది టీచరు ఒక్కతే కాదు, ఇల్లంతా కలిసి సర్దుతుంది.

మందుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. బీపీ, షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లు కొన్ని నెలలకు సరిపడా మందులు, డాక్టరు చీటీతో సహా, అసలు ప్యాకింగులోనే తీసుకెళ్లాలి. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు, కోడైన్ కలిసిన దగ్గుమందు చీటీ లేకుండా పట్టుకెళ్లకూడదు. మాల్దీవుల నుంచి మలేరియా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ధ్రువీకరించింది. డెంగీ మాత్రం ఉంది. దోమల మందు, దోమతెర తప్పకుండా పెట్టుకోవాలి. మాలేలో మన దేశ సాయంతో కట్టిన ఇందిరాగాంధీ స్మారక ఆస్పత్రి ఉంది. చిన్న దీవిలో ఉండేది ఆరోగ్య కేంద్రమే. పంటి నొప్పికి, కళ్లజోడుకు బోటెక్కి పోవాలి. కాబట్టి ప్రయాణానికి ముందే పళ్లు, కళ్లు చూపించుకుని, రెండో కళ్లజోడు చేయించుకోవాలి. ఆడవాళ్లు తమకు అలవాటైన శానిటరీ ప్యాడ్లు మొదటి నెలలకు సరిపడా పెట్టుకోవడం మంచిది.

బట్టలకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. ఏడాది పొడవునా ఉక్క, ఉప్పుగాలి, వాన. ఉతికితే త్వరగా ఆరే నూలు బట్టలు, చేతులు కప్పే జాకెట్లు, కుర్తాలు, మగవాళ్లకు ఫార్మల్ చొక్కాలు, ఒక టై. జనం ఉండే దీవుల్లో బట్టలు మర్యాదగా ఉండాలి. పర్యాటక పోస్టర్లలో కనిపించే రిసార్టు దీవులు వేరు, బడులుండే దీవులు వేరు. తోలు చెప్పులకు, బెల్టులకు బూజు పడుతుంది. రబ్బరు చెప్పులు, గొడుగు, ల్యాప్‌టాప్ సంచిలో తేమ పీల్చే సిలికా పొట్లాలు పనికొస్తాయి. కరెంటు మనలాగే 230 వోల్టులు. సాకెట్ మాత్రం ఎక్కువగా ఇంగ్లండు తరహాది, మూడు చదరపు కాళ్లది. మన గుండ్రటి కాళ్ల ప్లగ్గు దానిలో పట్టదు. అడాప్టర్లు రెండు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే చాలు.

వంట సామాను గురించి చాలామంది ఎక్కువగా బెంగపడతారు. బియ్యం, పిండి, చక్కెర అక్కడ దొరుకుతాయి. మైసూరు పప్పు దొరుకుతుంది. మునగాకు, కరివేపాకు పెరళ్లలోనే పెరుగుతాయి. ట్యూనా చేప రోజూ ఉంటుంది. కూరగాయలు బోటు మీద ఆధారపడి వస్తాయి. సముద్రం బాగా లేకపోతే బోటు రాదు, ధర పెరుగుతుంది. శాకాహారులకు అది కష్టం. కాబట్టి కందిపప్పు, చింతపండు, మినపప్పు, మెంతులు, ఇంగువ, సాంబారు కారం, కందిపొడి, గోంగూర పచ్చడి సర్దుకోండి. మూడు లీటర్ల కుక్కరు, దానికి గాస్కెట్, విజిల్ ఒక్కొక్కటి అదనంగా పెట్టుకోండి. గాస్కెట్ సాగిపోతే దీవిలో మన కంపెనీది దొరకదు. పచ్చడి గాజు సీసాలో కాకుండా గట్టి మూత ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, రెండు కవర్లు చుట్టి, చెకిన్ సామానులో వేయాలి. ఎండుకొబ్బరి విమాన సామానులో వేయకూడదు. కొబ్బరికి అక్కడ కొదవ లేదు.

డబ్బు అధ్యాయం విడిగా రాయించండి. జీతం మామూలుగా మాల్దీవుల రుఫియాల్లోనే వస్తుంది. అధికారిక మారకం డాలరుకు 15.42 రుఫియాల దగ్గర ఉంటుంది. ఆ ధరకు అడిగినన్ని డాలర్లు బ్యాంకులో దొరకవు. ఇంటికి పంపే డబ్బు మీద పరిమితులుంటాయి. అవి ఎప్పటికప్పుడు మారతాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖ 1974 నుంచి మాలేలో ఉంది. అయినా డాలర్ల కొరత దానికీ తప్పదు. జీతం అంకె చూసి ఇక్కడ ఇంటి అప్పు వాయిదాలు ఒప్పుకున్నవాళ్లు అక్కడ డబ్బు చేతిలో ఉండి కూడా ఇంటికి పంపలేక నలిగిపోవడం నేను చూశాను. బయట ఎక్కువ ధరకు డాలర్లు కొని పంపితే చట్టం అండ ఉండదు. ఒప్పందం మీద సంతకం చేయకముందే నెలకు ఎంత పంపగలరో తాజాగా కనుక్కోవాలి. ఆ సమాచారం మీరు మీ దగ్గర ఉంచి, అడిగినవాళ్లకు చెప్పాలి.

మొదటి జీతం చేతికి రావడానికి సమయం పడుతుంది. కొంత డాలర్ల నగదు దగ్గర ఉంచుకోవాలి. ఎన్ఆర్ఈ ఖాతా ఎలా తెరవాలో, ఉన్న సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా ఎలా మార్పించుకోవాలో వెళ్లే ముందే బ్యాంకులో కనుక్కోవాలి. ఆధార్‌కు, బ్యాంకుకు కలిపి ఉన్న సిమ్ కార్డును రీచార్జి చేయించి, రోమింగ్ పెట్టించుకుని వెంట తీసుకెళ్లాలి. ఓటీపీ రాకపోతే సొంత ఖాతాలోని డబ్బు కూడా తీసుకోలేరు. ఇంత చిన్న సిమ్ కార్డును చాలామంది ఇంట్లో తమ్ముడికి ఇచ్చి వెళ్తారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అధ్యాయం తరగతి గది కోసం సర్దుకునే సామాను. దీన్ని గురించి నన్ను ఎవరూ అడగరు. అడగాల్సింది అదే. కేంబ్రిడ్జి పరీక్షల్లో చదవడం, రాయడంతోపాటు వినడం, మాట్లాడటం కూడా పరీక్షిస్తారు. మన దగ్గర చాలా బడుల్లో పాఠం చదివి, అర్థం చెప్పి, ప్రశ్నలు జవాబులు రాయిస్తాం. ఆ పద్ధతి అక్కడ సరిపోదు. ఒక మంచి చిన్న స్పీకరు, వినడం నేర్పించే ఆడియో పాఠాలు నింపిన హార్డ్‌డిస్కు, పాత ప్రశ్నపత్రాలు, ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ, రేమండ్ మర్ఫీ గ్రామర్ పుస్తకం పెట్టుకుంటే ఏ దీవికి వెళ్లినా చేయి ఖాళీగా ఉండదు. వెళ్లే ముందు కొన్ని వారాలు తన గొంతును తానే రికార్డు చేసుకుని వినాలి. తరగతిలో పిల్లలు రోజూ వినే ఇంగ్లీషు ఆ గొంతే.

మరో సంగతి. ఆ పిల్లల దేశంలో కొండ లేదు, నది లేదు, రైలు లేదు. భూమి సగటున సముద్రానికి మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఇంగ్లీషు పాఠాల్లో మాత్రం కొండలు, నదులు, రైళ్లు, ఆవుల మందలు పేజీపేజీకీ వస్తాయి. ఒకసారి ఏడో తరగతిలో రైలు ప్రయాణం మీద పాఠం. రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన మీద వెళ్తున్న రైలు ఫొటో నా దగ్గర ఉంది. బల్ల బల్లకూ తిప్పాను. ఒక అబ్బాయి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మరో అమ్మాయి వంతెన కింది నీళ్లను చూపించి ఇది ఉప్పునీళ్లా, మంచినీళ్లా అని ఇంగ్లీషులో అడిగింది. మంచినీళ్లంటే నమ్మలేదు. ఇంకో పిల్లవాడు లేచి, "గాలి ఎక్కువగా ఉంటే రైలు కూడా ఆపేస్తారా, మిస్?" అన్నాడు. వాళ్లకు తెలిసిన ప్రయాణం ఫెర్రీయే. గాలి ఎక్కువైతే అది ఆగుతుంది. ఆ రోజు ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ప్రశ్న అడిగారు. ఇంగ్లీషులో అడుగుతున్నామన్న బెరుకు వాళ్లకు గుర్తు రాలేదు.

అందుకే మన ఊరి ఫొటోలు అచ్చు తీయించి పట్టుకెళ్లమంటాను. మిర్చి యార్డు, పత్తి చేను, వరి నాట్లు, చెరువు గట్టు, సంతలో గంపలు, ఇంట్లో నాలుగు తరాలు కలిసి దిగిన ఫొటో. ఒక ఆర్టీసీ టికెట్, ఒక రైలు టికెట్, ఒక కొండపల్లి ఎడ్లబండి బొమ్మ. బరువు కిలో కూడా ఉండదు, ఏడాదికి సరిపడా మాటలు పుట్టిస్తుంది. బొమ్మలు ఎంచుకునేటప్పుడు దశావతారాల సెట్టు లాంటివి వద్దు. కథల్లోనూ ఆ జాగ్రత్త పాటించాలి. దేవుళ్ల ప్రస్తావన లేని తెనాలి రామకృష్ణుడి కథలు, జంతువుల కథలు పిల్లలు ఎంతో ఇష్టంగా వింటారు.

అక్కడి పిల్లల భాష కొంచెమైనా నేర్చుకుని వెళ్లాలి. దివేహిని తానా లిపిలో, కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఆ లిపికి మూలాక్షరాలు 24. ఆ అక్షరాలు, వాటి అచ్చు గుర్తులు గుర్తుపట్టగలిగితే పిల్లల పేర్లు చదవగలరు, దుకాణం బోర్డు చదవగలరు. చిన్న తరగతి పిల్లలు ఇంగ్లీషు నోటుబుక్కును వెనక వైపు నుంచి ఎందుకు తెరుస్తున్నారో అర్థమవుతుంది, కోప్పడరు. బడి వారం ఆదివారం మొదలై గురువారం ముగుస్తుంది. రంజాన్ నెలలో పగలు నలుగురిలో తినకూడదు, తాగకూడదు. ఈ మాత్రం తెలిసి వెళ్లిన టీచరును ఊరు ఇంటి మనిషిలా చూసుకుంటుంది. పండక్కి పిలుస్తారు, ఒంట్లో బాగా లేకపోతే గంజి తెచ్చిస్తారు. నేను అది అనుభవించాను.

ఒంటరితనం మాట కూడా దాచకుండా రాయాలి. చాలా దీవులను నడిచి చుట్టి రావడానికి ఎక్కువ సేపు పట్టదు. సాయంత్రం బడి అయిపోయాక ఎటు వెళ్లినా సముద్రమే. సినిమా హాలు లేదు, తెలుగు మాట్లాడే మనిషి పక్క దీవిలో ఉండొచ్చు. మొదటి నెలల్లో చాలామంది వెనక్కి వచ్చేద్దామనుకుంటారు. ఇష్టమైన తెలుగు పుస్తకాలు కొన్ని, ఆడుకునే బూట్లు, కుట్టు సామానో, బొమ్మలు గీసే సామానో ఏదో ఒకటి పెట్టుకోవాలి. క్యారమ్స్ ఆ దేశంలో బాగా ఆడతారు. వాలీబాల్, క్రికెట్ ఆడతారు. ఆట వచ్చిన టీచరుకు స్నేహాలు తొందరగా కుదురుతాయి.

ఆపద వేళకు కావలసింది కూడా పెట్టెలో ఉండాలి. మాలేలో భారత హైకమిషన్ ఉంది. చేరిన వారంలోనే అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా పెట్టాలో తెలిసి ఉండాలి. 2020 మేలో కరోనా వల్ల విమానాలు ఆగిపోయినప్పుడు మన నౌకాదళం ఓడ ఐఎన్ఎస్ జలాశ్వ మాలే నుంచి 698 మందిని కొచ్చి చేర్చింది. అలాంటి రోజున ఎవరెవరు ఎక్కడున్నారో తెలియాలంటే ముందే నమోదై ఉండాలి. తిరుగు టికెట్‌కు సరిపడా డబ్బును ఎప్పుడూ ముట్టకుండా ఉంచుకోవాలి.

అయ్యా, అమ్మా, నేను మిమ్మల్ని అడిగేవి నాలుగు. మొదటిది, ఈ సంగతులన్నీ సరిచూసి తెలుగులో పుస్తకం వేయించండి. మాల్దీవులతో మొదలుపెట్టి, మన టీచర్లు వెళ్లే ఒక్కో దేశానికీ ఒక్కో పుస్తకం. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏటా సరిదిద్దండి. రెండోది, ఓడీలు, పేర్ల తేడాలు, ధ్రువీకరణ ముద్రలు ఒకే చోట చెప్పే మనిషిని హైదరాబాద్‌లో, విజయవాడలో కూర్చోబెట్టండి. మూడోది, అక్కడ పనిచేసి వచ్చిన టీచర్లను పిలిచి, వెళ్లబోయేవాళ్లకు పూటంతా క్లాసు చెప్పించండి. డబ్బులు ఇవ్వకపోయినా వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ వస్తాను. నాలుగోది, బీఎడ్ కాలేజీల నోటీసు బోర్డులకు మీ ఫోన్ నంబరు చేరేలా చూడండి. ఏజెంటు కన్నా ముందు మీ పేరే మా పిల్లలకు తెలియాలి.

మన ఆడపిల్లలు, మగపిల్లలు ఒంటరిగా సముద్రాలు దాటి వెళ్లి పరాయి పిల్లలకు చదువు చెబుతున్నారు. వాళ్లు పంపే డబ్బుతో ఇక్కడ అప్పులు తీరుతున్నాయి, తమ్ముళ్లు చెల్లెళ్లు చదువుకుంటున్నారు. వాళ్లకు కావలసింది యాభై పేజీల పుస్తకం, నమ్మకంగా సమాధానం చెప్పే ఒక ఫోన్ నంబరు. వచ్చే బ్యాచ్ బయలుదేరేలోగా ఈ రెండూ ఏర్పాటు చేయాలని రెండు రాష్ట్రాల అధికారులనూ చేతులు జోడించి కోరుతున్నాను.

ఇట్లు,
మాల్దీవుల్లో ఇంగ్లీషు చెప్పి వచ్చిన ఒక తెలుగు టీచరు